కొత్త బోల్టు బిగిస్తే సరిపోదు, ఇంకో కన్ను చూడాలి

మా మేనల్లుడు ఇక్కడ టెక్సస్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. మొన్నొక శనివారం పొద్దున్నే వాణ్ని ఫ్లయింగ్ స్కూలు దగ్గర దింపితే, ఆ రోజు క్లాసు లేదన్నారు. వాడెక్కాల్సిన సెస్నా 172 హ్యాంగర్లో ఉంది. రెక్క కింది మూతలు విప్పేసి ఉన్నాయి. "ఒక చిన్న రాడ్ ఎండ్ అరిగిందట మామా. కొత్తది బిగించడం కూడా అయిపోతోంది. సోమవారం ఇంకో మెకానిక్ వచ్చి చూసేదాకా ఎగరనివ్వరట" అని వాడు గొణిగాడు.

వాడి బాధ వాడిది. గంటల లెక్కన డబ్బు కట్టే చదువు. నాకు మాత్రం ఆ స్కూలు మీద గౌరవం పెరిగింది. ఎందుకో చెప్తాను.

ఈ 172 మోడల్ 1956లో మార్కెట్లోకి వచ్చింది. 1986లో తయారీ ఆగి, పదేళ్ల తర్వాత 1996లో మళ్లీ మొదలైంది. ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. అందుకే నలభై, యాభై ఏళ్ల విమానాల మీద కూడా పిల్లలు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. పాతదని భయపడక్కర్లేదు. పాత విమానాన్ని ఎవరు చూసుకుంటున్నారన్నదే ముఖ్యం.

మూతలు విప్పిన రెక్కలోకి తొంగి చూస్తే ఆశ్చర్యమేసింది. పైలట్ చేతిలోది తిప్పితే స్టీలు కేబుళ్లు పుల్లీల మీదుగా రెక్కలోకి వెళ్తాయి. అక్కడ బెల్‌క్రాంక్ అనే ముక్క తిరుగుతుంది. దానికి తగిలించిన కడ్డీ రెక్క వెనక అంచులో ఉండే ఐలరాన్‌ను పైకీ కిందకీ కదుపుతుంది. విమానం పక్కకు వాలేది దాని వల్లే. మధ్యలో కంప్యూటర్ లేదు. మన నాన్నల కాలపు సైకిలుకి ఉండే బ్రేకు కడ్డీల్లాగే ఉంది. ఒక్కో జాయింటు వెంట్రుకవాసి అరిగినా, అన్నీ కలిస్తే చేతిలో లూజు తెలుస్తుంది.

మెకానిక్ పాత స్ప్లిట్ పిన్ను తీసి చెత్తడబ్బాలో వేశాడు. అది ఒక్కసారి వాడేదే, వంచి తీసింది మళ్లీ పెట్టకూడదు. అదే సైజు బోల్టు హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతుంది. విమానానికి వాడే స్టీలు బోల్టు తల మీద మాత్రం ఇంటూ గుర్తు ఉంటుంది, కాగితం మీద దాని పుట్టుపూర్వోత్తరాలు ఉంటాయి. పనయ్యాక ఏం మార్చాడు, ఏ తేదీన మార్చాడు అన్నీ లాగ్‌బుక్కులో రాసి, లైసెన్సు నంబరు వేసి సంతకం పెట్టాలి.

ఆ సంతకం దగ్గరే నా గుండె కాస్త బరువెక్కింది.

అమెరికా రాకముందు నేను గల్ఫ్‌లో ఒక సైటులో సూపర్‌వైజర్‌ని. పాలిటెక్నిక్ డిప్లొమా చేతిలో ఉంది, వయసు పాతిక. సామాన్లు పైకి లాగే హాయిస్టులో ఒక పిన్ను అరిగితే కొత్తది వేయించాను. స్ప్లిట్ పిన్ను స్టాకులో లేదు. హెల్పర్ బైండింగ్ వైరు మెలేసి కట్టాడు. స్లాబు పనికి టైమైపోతోంది. "కొత్త పిన్ను వేశాం కదా" అనుకుని చెక్‌లిస్టు మీద సంతకం పెట్టేశాను. వేయించిందీ నేనే, చూసిందీ నేనే. మూడో రోజు వైరు తెగి పిన్ను జారింది. మన తెలుగు తమ్ముడొకడికి రెండు వేళ్లు పోయాయి. కంపెనీ లెక్కలో అది చిన్న ప్రమాదం. నా లెక్కలో ఇప్పటికీ కాదు.

విమానాల్లో ఇలాంటి తప్పుకి ప్రాణాలే పోతాయి. 2011 సెప్టెంబరు 16న నెవాడాలోని రీనో ఎయిర్ రేసుల్లో రెండో ప్రపంచయుద్ధ కాలపు పి-51 విమానం ప్రేక్షకుల పక్కనే కూలింది. పైలట్‌తో పాటు పది మంది ప్రేక్షకులు చనిపోయారు. దర్యాప్తులో ఏం తేలింది? తోక మీద ట్రిమ్ ట్యాబ్‌ను పట్టి ఉంచే స్క్రూలకు పాత లాక్‌నట్లే మళ్లీ వాడారు. వాటి లోపలి పట్టు అరిగిపోయింది. విమానానికి పరీక్షించకుండా చేసిన మార్పులూ, విపరీతమైన వేగమూ దానికి తోడయ్యాయి.

2003 జనవరి 8న నార్త్ కరోలినాలోని షార్లట్‌లో బీచ్ 1900 విమానం లేచిన కాసేపటికే కూలి, అందులోని 21 మందీ చనిపోయారు. బరువు తోక వైపు ఎక్కువైంది. అంతకు ఒకటి రెండు రోజుల ముందే ఎలివేటర్ కేబుల్ బిగువు సరిచేసిన మెకానిక్‌కు ఆ మోడల్ మీద ఆ పని మొదటిసారి. మధ్యలో కొన్ని మెట్లు వదిలేశాడు. దాంతో ముక్కు దించడానికి ఎలివేటర్ కదలాల్సినంత కదల్లేదు. పక్కన నిలబడి నేర్పిన మనిషీ, తనిఖీ చేసిన మనిషీ ఒక్కరే. మెట్లు వదిలేయడానికి ఆయనే ఒప్పుకున్నాడు. నేర్పినవాడు అదే పనిని తనిఖీ చేయకూడదని ఎన్‌టీఎస్‌బీ ఆ తర్వాత సిఫారసు చేసింది.

ఎయిర్‌లైన్సులో ఇలాంటి కీలకమైన పని చేసిన మనిషే దాన్ని తనిఖీ చేయకూడదని రూలుంది. చిన్న సొంత విమానాలకు ఆ బలవంతం లేదు. లైసెన్సున్న ఒక్క మెకానిక్ సంతకం చాలు. నా అభిప్రాయంలో ఇది చాలదు. కంట్రోల్ కడ్డీ, కేబుల్ ఏది విప్పి బిగించినా రెండో మనిషి చూడాలి. ఎడమకు తిప్పితే ఎడమ ఐలరాన్ పైకి లేస్తోందా? చివరిదాకా కదులుతోందా? ప్రతి నట్టుకూ పిన్ను ఉందా? ఇది చూడటానికి పట్టేది కొద్దిసేపే.

పాత విమానం ఓనర్లు ఒప్పుకోకపోవచ్చు. పార్టు దొరకడమే కష్టం, మెకానిక్ గంట ఖరీదు ఎక్కువ, ఇంకో మనిషిని ఎక్కడ తెచ్చేది అంటారు. అందులో నిజముంది. కానీ పనిచేసినవాడి కన్ను తను చేసిన తప్పును దాటిపోతుంది. వాడు బద్ధకస్తుడని కాదు, అది మనిషి కంటి గుణం. మన ఉత్తరంలో తప్పు మనకు కనపడదు, పక్కవాడికి మొదటి లైన్లోనే కనపడుతుంది.

పిల్లల్ని అమెరికాకు పైలట్ చదువుకు పంపే తల్లిదండ్రులు ఫీజుతో పాటు ఇదీ అడగండి: కంట్రోల్స్ రిపేరు చేశాక రెండోవాళ్లు చూస్తారా? క్రేన్లు, హాయిస్టులు, లిఫ్టుల మీద పనిచేసే సోదరులకూ ఇదే మాట. చదవకుండా సంతకం పెట్టొద్దు. మీరే బిగించినదాన్ని మీరే పాస్ చేయొద్దు. పక్క గ్యాంగు నుంచి ఒకణ్ని పిలిచి "తమ్ముడూ, ఇది ఒకసారి చూడు" అంటే మన పరువేమీ పోదు.

సోమవారం ఆ రెండో మెకానిక్ వచ్చి అంతా చూసి సరేనన్నాడట. తప్పేమీ దొరకలేదు. "చూశావా మామా, రెండు రోజులు వేస్టు" అన్నాడు మా వాడు. వాడికి ఆ తమ్ముడి చేతి సంగతి అప్పుడే చెప్పాను. మళ్లీ మాట్లాడలేదు.

(రచయిత టెక్సస్‌లో నిర్మాణరంగ సూపర్‌వైజర్)