‘తమ్ముణ్ని చూసుకో’ అంటే సరిపోదు.. ఎలా చూసుకోవాలో నేర్పారా?

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు.. చాలా ఇళ్లలో ఒకటే సీన్. అమ్మానాన్నలు డ్యూటీకి వెళ్తారు. పన్నెండేళ్ల అక్క చేతికో, పదమూడేళ్ల అన్న చేతికో ఫోన్ ఇస్తారు. ‘తలుపు వేసుకోండి.. చిన్నోడు జాగ్రత్త’ అని చెప్పి బయల్దేరతారు. సాయంత్రం దాకా ఆ ఇంటికి పెద్దదిక్కు ఆ పిల్లలే. గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలి? చిన్నోడి గొంతులో పల్లీ ఇరుక్కుంటే? బాధ్యత అప్పగిస్తున్నాం సరే.. శిక్షణ ఇస్తున్నామా? అసలు ప్రశ్న ఇదే.

అక్కడ కోర్సు.. ఇక్కడ ఒక్క మాట

అమెరికాలో బేబీ సిట్టింగ్ అంటే టీనేజర్లకు పాకెట్ మనీ తెచ్చే పని. 11 ఏళ్లు దాటిన పిల్లల కోసం అమెరికన్ రెడ్‌క్రాస్ ప్రత్యేకంగా శిక్షణ ఇస్తోంది. మేరీలాండ్ రాష్ట్రంలో చట్టమే లెక్క చెప్పింది. 8 ఏళ్లలోపు పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలకూడదు. వాళ్లను చూసుకునేవారికి కనీసం 13 ఏళ్లుండాలి. అక్కడున్న తెలుగు కుటుంబాలకూ ఇదే రూల్.

మన దగ్గర ఇలాంటి వయసు లెక్క చట్టంలో లేదు. అలాగని పెద్దలకు బాధ్యత లేదని కాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 ప్రకారం.. సంరక్షణలో ఉన్న పిల్లల్ని కావాలని నిర్లక్ష్యం చేసి బాధకు గురిచేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అయితే పనికి వెళ్లక తప్పని తల్లిదండ్రుల్ని చట్టం పేరు చెప్పి భయపెడితే ఉపయోగం లేదు. నానమ్మ, అమ్మమ్మలు ఊళ్లో ఉంటారు. క్రెష్ ఖర్చు అందరూ భరించలేరు. మిగిలిన దారి.. పిల్లల్ని సిద్ధం చేయడమే.

రెండు నెలల్లో ఆరు ప్రాణాలు

2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆగి ఉన్న కారెక్కిన ఇద్దరు చిన్నారులు ఊపిరాడక చనిపోయారు. మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఇలాగే నలుగురు పిల్లలు బలయ్యారు. పెద్దలు ఊరు దాటి వెళ్లక్కర్లేదు.. కాసేపు కళ్లు తప్పితే చాలు. కారు ఎప్పుడూ లాక్ చేసి ఉంచడం, తాళాలు పిల్లలకు అందకుండా పెట్టడం పెద్దల పని. లోపల ఇరుక్కుంటే హారన్ ఆపకుండా కొట్టాలని నేర్పడం కూడా వాళ్ల పనే. చాలా కార్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది.

ఇవి నేర్పాల్సిందే

గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి చిన్నోణ్ని తీసుకుని బయటికి రావాలి. ఆ తర్వాతే 1906కు ఫోన్.

ఒళ్లు కాలితే పేస్ట్, పసుపు, ఐస్ వద్దు. కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి.

గొంతులో ఏదైనా ఇరుక్కున్నప్పుడు దగ్గు వస్తుంటే దగ్గనివ్వాలి. దగ్గలేక, మాట రాక ఉక్కిరిబిక్కిరైతే ముందుకు వంచి వీపు పైభాగంలో అరచేత్తో గట్టిగా ఐదుసార్లు కొట్టాలి. నోట్లో వేలు పెట్టి గెలకకూడదు. వెంటనే పక్కింటివాళ్లను కేకేయాలి.

కరెంట్ షాక్ కొట్టినవారిని ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి.

బెల్ మోగితే తలుపు తీయకుండానే మాట్లాడాలి. ‘ఇంట్లో ఎవరూ లేరు’ అనే మాట నోట రాకూడదు. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదు.

బకెట్‌లో నీళ్లు నిల్వ ఉంచకూడదు. సంపు మూత తెరవకూడదు.

చెప్పడం కాదు.. చేయించాలి

112, 108, 101, చిన్నారుల సాయానికి 1098.. ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటిస్తే పని అయిపోదు. కంగారులో ఫ్లాట్ నంబర్ కూడా గుర్తురాదు. అందుకే ఆదివారం ఓ పావుగంట రిహార్సల్ పెట్టాలి. ఇంటి అడ్రస్, దగ్గరి గుర్తు గడగడా చెప్పించాలి. రెగ్యులేటర్ వాళ్ల చేత్తోనే కట్టించాలి. ‘ఫోన్ చార్జింగ్ అయిపోయింది.. ఏం చేస్తావ్?’ అని అడగాలి. పరుగెత్తి వెళ్లడానికి నమ్మకమైన రెండు ఇళ్లు చూపించాలి. మొదట అరగంట, తర్వాత గంట.. ఇలా అలవాటు చేయాలి.

ఇక్కడ ఓ హద్దు కూడా ఉంది. పసిబిడ్డను, జ్వరంతో ఉన్న పిల్లాణ్ని పన్నెండేళ్ల పిల్లకు అప్పగించి వెళ్లడం తప్పు. రాత్రి పూట అసలే వద్దు. ఇంకో మాట.. ఆడపిల్లకు బాధ్యత, మగపిల్లాడికి ఆట అనే పద్ధతి మారాలి. ఇద్దరికీ నేర్పాలి, ఇద్దరూ చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది నమ్మకం. గ్లాసు పగిలినా, చిన్నోడు పడ్డా తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెడతారు. ఆ దాచిన పది నిమిషాలే ఒక్కోసారి ప్రాణాల మీదకు తెస్తాయి. ‘ఏం జరిగినా ముందు ఫోన్ చెయ్.. తిట్టను’.. ఇల్లు దాటే ముందు ఈ మాట చెప్పాలి. ఫోన్ వచ్చిన రోజు ఆ మాట మీద నిలబడాలి.