మందు వికటించిన యింట ముందుగా వ్రాయవలసిన లెక్క



కాలువ గట్టు తెగి చేను మునిగినప్పుడు మన రైతు ఏమి చేయునో అందరికిని తెలిసినదే. నీరు తీయకమునుపే అధికారులను పిలిచి చూపును. ఎన్ని యెకరములు పోయినవో వ్రాయించును. విత్తనములకును, ఎరువులకును పెట్టిన ఖర్చు రసీదులు వెదకి తీసి, పరిహారమునకు దరఖాస్తు పెట్టును. అది తన హక్కని యెరుగును. ఆ రైతు ఇంటనే ఒక సూదిమందో, ఒక మాత్రయో వికటించి ఎదిగిన కొడుకు మంచము పట్టినచో మాత్రము, నుదుటి వ్రాత యని యూరకుండును. ఆసుపత్రి కాగితములు అటకపై చెదలపాలగును. ఆరు నెలలలో అప్పు పెరుగును. ఏడాదిలో చేను అమ్ముడుపోవును. చేనికి వెల కట్ట నేర్చినవారము మనిషికి కలిగిన నష్టమునకు వెల కట్ట నేర్వకపోవుట శోచనీయము. ఈ విషయమునే సభ్యుల యెదుట నుంచ దలచితిమి.

మందు వికటించుట అరుదు, కాని కల్ల కాదు. పెన్సిలిను వంటి సూదిమందు కొందరి దేహమునకు సరిపడక, కొన్ని నిమిషములలోనే ఊపిరి యాడక, రక్తపు పోటు పడిపోవును. ఆ క్షణమున అడ్రినలిను అను మందు ఈయకున్నచో ప్రాణము పోవచ్చును. ప్రాణము దక్కినను మెదడు దెబ్బతిని మనిషి జీవితాంతము పరాధీనుడు కావచ్చును. వరిచేలలోను, చేపల చెరువుల గట్లమీదను పాము కరచినవారికి ఇచ్చు విషహరపు మందు గుఱ్ఱపు రక్తమునుండి తయారగునది కనుక దానికిని ఇట్టి వికారము కలుగవచ్చును. అంతమాత్రమున ఆ మందు వలదనరాదు. పాముకాటునకు ప్రాణదాత యదియే. విరుగుడు చేతనుంచుకొన్న ఆసుపత్రిలోనే దానిని పొందవలెనని మాత్రము గ్రహింపవలెను.

మఱియొక విధమైన వికారము మెల్లగా వచ్చును. మూర్ఛలకిచ్చు ఫెనిటాయిను, కార్బమజెపీను, కీళ్లవాతమునకిచ్చు అల్లోప్యురినాలు, సల్ఫా జాతి మందులు మొదలగునవి ఆరంభించిన వారము మొదలు కొన్ని వారముల లోపల, కొందరికి జ్వరము వచ్చి, కన్నులు ఎఱ్ఱబడి, నోరు పూసి, కాలిన చర్మమువలె ఒడలి తోలు ఊడిపోవును. దీనిని స్టీవెన్స్ జాన్సన్ వ్యాధి యందురు. ఈ గుర్తులు కనబడిన దినముననే డాక్టరును కలిసి ఆ మందును మాన్పించుకొనవలెను. బ్రతికి బయటపడినవారిలో కొందరికి కన్నులు ఎండి, చూపు మందగించి, ఏండ్ల తరబడి చికిత్స కావలసివచ్చును. విజయవాడ చేరువ తాడిగడపలో ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ యున్నది గనుక మన ప్రాంతమువారు కన్నుల విషయమున జాగు చేయనక్కరలేదు.

ఇక న్యాయము మాట. మందు వికటించిన ప్రతి సందర్భమును వైద్యుని తప్పిదము కాదు. సాధారణ చికిత్సలో, తప్పిదముతో నిమిత్తము లేకుండ నష్టపరిహార మిచ్చు చట్టము మన దేశమున లేదు. చికిత్స ఫలింపనంతమాత్రమున వైద్యుని నేరస్థుని చేయరాదని 2005లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ మాట న్యాయమైనదే. విచారింపవలసిన ప్రశ్నలు వేరు. పూర్వము ఏ మందైనను పడలేదా యని రోగి నడిగిరా? రాగల ప్రమాదమును తెలిపి సమ్మతి పొందిరా? విరుగుడు సిద్ధముగ నుంచుకొనిరా? తొలి గుర్తు కనబడగనే మందు మానిరా, పెంచిరా? ఈ ప్రశ్నలకు సమాధానము ఆసుపత్రి కాగితములలో నుండును. తప్పు స్పష్టముగ కనబడుచున్నప్పుడు ప్రతి వ్యాజ్యమునందును నిపుణుని సాక్ష్యము తప్పనిసరి కాదని 2010లో హైదరాబాదు ఆసుపత్రికి సంబంధించిన కిషన్‌రావు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1998లో కలకత్తాలో చర్మవ్యాధికి స్టెరాయిడు మందు మితిమీరి ఇచ్చినందున ఒక స్త్రీ మరణింపగా, 2013లో అదే న్యాయస్థానము సుమారు ఆరు కోట్ల రూపాయలను వడ్డీతో ఇప్పించినది.

మన తెలుగుదేశమున జరిగిన వ్యాజ్యమొకటి మనకు ముఖ్యముగ తెలియదగినది. అది మందు వికటించినది కాదు, శస్త్రచికిత్స వికటించినది; కాని పాఠమొకటే. 1990లో హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఇరువదేండ్ల ఇంజనీరింగు విద్యార్థికి ఛాతిలోని కంతికి శస్త్రచికిత్స జరిగెను. పరీక్షకు ముక్క తీయుటకు మాత్రమే సమ్మతి యుండగా కంతినే తొలగించిరని న్యాయస్థానము తేల్చినది. ఆ యువకునికి నడుము క్రింది భాగము చచ్చుబడెను. 1999లో జాతీయ వినియోగదారుల కమీషను 15,50,000 రూపాయలు ఇప్పించెను. అది చాలదని సుప్రీంకోర్టులో ఆతడు తన వాదమును తానే వినిపించుకొనగా, 2009 మే 14వ తేదీన కోటి రూపాయలను, 1999 మార్చి మొదలు నూటికి ఆరు వంతున వడ్డీని ఇప్పించిరి.

పదునైదున్నర లక్షలు కోటి యెట్లయ్యెనో చూడుడు. తోడుగానుండు బండి తోలువానికి నెలకు 2,000, సేవచేయు నర్సుకు నెలకు 4,000, దేహవ్యాయామము చేయించువారికి నెలకు 3,000 రూపాయల చొప్పున ముప్పదియేండ్లకు న్యాయమూర్తులు లెక్క కట్టిరి. అవి వరుసగా 7,20,000, 14,40,000, 10,80,000 రూపాయలు. మందుల ఖర్చు, పోయిన సంపాదన, పడిన బాధ వీనికి చేరెను. నాటి నాలుగువేలకు నేడు తాడేపల్లిగూడెములో పగటివేళకైనను మనిషి దొరకుట దుర్లభము. కావున ధరల పెరుగుదలను కూడ మనమే చూపవలెను. జాలి మాటలవలన వచ్చు మొత్తము కొంచెము. నెలవారీ లెక్కవలన వచ్చునది యెక్కువ.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే: సంరక్షణ లెక్క ముందు, వ్యాజ్యము తరువాత. మన న్యాయస్థానములు పరిహారమును సాధారణముగ ఒక్కమారే, ఒక్క మొత్తముగ నిర్ణయించును. పదేండ్ల తరువాత పడకపుండ్లు పడినవనియు, తల్లి ముసలిదైనదనియు మరల తలుపు తట్టుటకు వీలుండదు. మనవారు ప్లీడరునొద్దకు పోవునపుడు గడచిన ఖర్చుల చీటీలను మాత్రమే పట్టుకొనిపోవుదురు. రాబోవు ముప్పదియేండ్లను వ్రాసి ఇచ్చువారు అరుదు. అడుగని దానిని న్యాయమూర్తి ఊహించి యిచ్చుట కష్టము.

ఆ లెక్క వ్రాయుట అంత దుర్ఘటము కాదు. ఒక పుస్తకములో రోగి దినచర్యను నెలదినములు వ్రాయవలెను. ఎవరు లేపుచున్నారు, ఎవరు కడుగుచున్నారు, రాత్రి ఎన్నిమారులు ప్రక్కకు త్రిప్పుచున్నారు? ఆసుపత్రికి ఎన్నిమారులు పోవలసివచ్చెను, కొల్లేటి లంకనుండి ఏలూరునకు బండిబాడుగ యెంత? పరుపు, చక్రముల కుర్చీ, మూత్రపు గొట్టములు ఎన్నాళ్ల కొకమారు మార్చవలెను? ఇల్లాలు సేవకై కూలిమానినచో ఆ కూలి కూడ నష్టమే; ఇంటివారి చాకిరికి వెల లేదనుకొనుట పెద్ద పొరపాటు. అన్నిటికన్న కష్టమైన ప్రశ్న మఱొకటి గలదు: తల్లిదండ్రులు గతించిన పిమ్మట ఎవరు? దానికి సమాధానము వ్రాయనిదే లెక్క పూర్తికాదు. చికిత్స చేయుచున్న వైద్యునిచేత, ఈ సేవలు ఎంతకాలము కావలెనో వ్రాయించి జతపరుపవలెను.

కాగితముల విలువను 2020 డిసెంబరులో ఏలూరు పట్టణము మనకు నేర్పినది. ఆ మొదటి వారమున ఆరువందలకు పైబడిన జనము మూర్ఛలతోను, తలత్రిప్పుతోను పడిపోయిరి, ఒకరు మరణించిరి. ఢిల్లీనుండి ఎయిమ్స్ వారు, హైదరాబాదునుండి జాతీయ పోషకాహార సంస్థవారు, నీరీ వారు వచ్చి రక్తమును, నీటిని, కూరగాయలను పరీక్షించిరి. రక్తములో సీసము, నికెలు అనిరి, పురుగుమందులనిరి. అంతమంది పండితులు వెంటనే వచ్చి పరీక్షించినను కారణము తేల్చుట యంత కష్టమైనప్పుడు, ఒంటరి రైతు రెండేండ్ల తరువాత ఉత్తచేతులతో పోయి ఏమి రుజువు చేయగలడు? కావున మందుసీసా, మాత్రల అట్ట, దానిపైనున్న బ్యాచి సంఖ్య, కొన్న రసీదు, డాక్టరు చీటి, దినదినపు ఛాయాచిత్రములు భద్రపరుపవలెను. ఆసుపత్రి దాఖలాలను వ్రాతమూలకముగ అడిగిన 72 గంటలలో ఇయ్యవలెనని 2002 నాటి వైద్యమండలి నియమములు చెప్పుచున్నవి. మందువలన కలిగిన వికారమును ప్రభుత్వ ఔషధ భద్రతా విభాగమునకు 1800-180-3024 అను సంఖ్యకు రోగియే తెలుపవచ్చును.

రుసుము చెల్లించి చికిత్స పొందినవారు 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము క్రింద, తాము నివసించు జిల్లా కమీషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చికిత్సకు చెల్లించినది అయిదు లక్షలు మించనిచో కోర్టు రుసుము లేదు. గడువు రెండేండ్లే. అందరికిని ఉచితముగ వైద్యము చేయు సర్కారు ఆసుపత్రులపై ఆ కమీషనుకు పోవ వీలులేదు. కాని ప్రభుత్వోద్యోగి అజాగ్రత్తకు ప్రభుత్వము బాధ్యత వహింపవలెనని 2000లో ఒక పేద కూలి స్త్రీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పిచ్చినది గావున సివిలు కోర్టు తలుపు తెరచియేయున్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, గిరిజనులకు, వికలాంగులకు, పేదలకు 1987 నాటి చట్టము ప్రకారము జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితముగ ప్లీడరును నియమించును. ఆసుపత్రి వరండాలో కొంత సొమ్ము చేతిలో పెట్టి తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయుమనువారు కనబడినచో, ఆ వ్రేలిముద్ర రోగియొక్క ముప్పదియేండ్ల తిండి యని యెఱుంగవలెను.

ఇక సొమ్ము వచ్చిన తరువాతి మాట. ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజలు తినరాదని మన పెద్దలు నేర్పిరి. ఈ సొమ్ము రోగికి విత్తనపు గింజ. చెల్లెలి పెండ్లికిగాని, చేపల చెరువు కవులుకుగాని దానిని వాడరాదు. చికిత్సకై చేసిన అప్పులను దావాలో గడచిన ఖర్చుగ వేరుగ చూపి, ఆ పద్దునుండియే తీర్పవలెను. పరిహారమును దీర్ఘకాలపు డిపాజిట్లలో నుంచి వడ్డీ నెలనెలకు ఇప్పింపవలెనని మోటారు ప్రమాద వ్యాజ్యములలో సుప్రీంకోర్టు సూచించెను. మనమును అట్లే కోరవచ్చును. నూటికి నెలకు అర్ధరూపాయి వడ్డీ వచ్చునేని పదిలక్షలమీద నెలకు అయిదువేలు వచ్చును. ఆ యయిదువేలును ఖర్చుచేసినచో పదేండ్లకు ధరలు పెరిగి అవి చాలవు. కొంత మరల అసలులో కలుపవలెను.

డిపాజిటు విషయమున నిజము చెప్పుట మా విధి. బ్యాంకులలో, జిల్లా కేంద్ర సహకార బ్యాంకుతో సహా, ఒక్కొక్కరికి అయిదు లక్షలవరకు భీమా గలదు. మనవంటి ప్రాథమిక సంఘములలోని డిపాజిట్లకు ఆ భీమా లేదు. కావున మన సంఘముపై ఎంత యభిమానమున్నను, మంచముపైనున్నవాని సొమ్మును రెండు మూడు బ్యాంకులలో పంచి యుంచుటయే క్షేమము. రోగికి తెలివి లేనిచో సంరక్షకుని చట్టప్రకారము నియమింపజేసికొననిదే ఆ సొమ్ము తీయుట కష్టమగును. వ్యాజ్యము నడచునంతకాలమును ఇల్లు గడువవలెను గనుక వికలాంగుల పింఛనుకు కూడ దరఖాస్తు పెట్టవలెను. 2024 జూలై నుండి మన రాష్ట్రమున వికలాంగులకు నెలకు 6,000, పూర్తిగ మంచమునకు అంటుకొన్నవారికి 15,000 రూపాయలు ఇచ్చుచున్నారు.

ఇందు సంఘము చేయదగినదేమి? ప్రతి సంఘమును ఒక పెట్టె యుంచి, ఇట్టి కుటుంబముల కాగితముల నకళ్లను భద్రపరుపవచ్చును. లెక్క వ్రాయుటకు ఒక గుమాస్తాను వారమునకొక సాయంకాలము పంపవచ్చును. రెండేండ్ల గడువును పద్దు పుస్తకములో వ్రాసి ముందుగ హెచ్చరింపవచ్చును. 1996లో పశ్చిమ బెంగాలునందు ఒక వ్యవసాయ కూలీల సంఘము, ఆసుపత్రులు చేర్చుకొనక త్రిప్పిన తమ సభ్యునికై సుప్రీంకోర్టువరకు పోయి 25,000 రూపాయల పరిహారమును పొందెను. ప్రాణాపాయమున చికిత్స చేయుట ప్రభుత్వము విధియని తీర్పును తెచ్చెను. కూలీలు చేసినదానిని భూములున్న మనము చేయలేకపోము. పంటఋణమునకు మాత్రమే సభ్యుని ఇల్లు మనకు గుర్తుండుట తగదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మూడు పనులకును తీర్మానము చేయవలసినదిగ సభ్యులను కోరుచున్నాము.