లెస్టర్‌లో ‘హిందూ ఓటు’ గెలిచిందట, మరి దళితుడి ఓటు ఏ ఖాతాలో పడింది?

2023 మే 4న ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. పదమూడేళ్లుగా దేశాన్ని ఏలుతున్న కన్జర్వేటివ్ పార్టీ ఆ ఒక్క రోజే వెయ్యికి పైగా కౌన్సిలర్ స్థానాలు పోగొట్టుకుంది. చాలాచోట్ల లేబర్ పార్టీ ఊపు మీద కనిపించింది. లెస్టర్ నగరంలో మాత్రం కథ తిరగబడింది. 54 మంది కౌన్సిలర్లున్న ఆ నగరంలో 2019లో లేబర్‌కు 53 స్థానాలు వచ్చాయి. మిగిలిన ఒక్కటి లిబరల్ డెమొక్రాట్లది. కన్జర్వేటివ్‌లకు సున్నా. నాలుగేళ్లు తిరిగేసరికి లేబర్ 31కి పడిపోయింది, కన్జర్వేటివ్‌లు సున్నా నుంచి 17కు ఎగబాకారు. గ్రీన్ పార్టీకీ లిబరల్ డెమొక్రాట్లకూ మూడేసి దక్కాయి. 2011 నుంచి నగర మేయర్‌గా ఉన్న లేబర్ నాయకుడు పీటర్ సోల్స్‌బీ మళ్లీ గెలిచారు కానీ, 2019లో 60 శాతం దాటిన ఆయన ఓటు ఈసారి 40 శాతం లోపుకు దిగింది. ఆయన మీద నిలబడిన కన్జర్వేటివ్ అభ్యర్థి సంజయ్ మోఢ్వాడియాకు 26 వేలకు పైగా ఓట్లు పడ్డాయి.

ఫలితాలు రాగానే వినిపించిన వ్యాఖ్యానం ఒక్కటే: “హిందూ ఓటు లేబర్‌ను వదిలేసింది.” బెల్‌గ్రేవ్, రషీ మీడ్, నార్త్ ఎవింగ్టన్ వంటి తూర్పు వార్డుల లెక్క చూస్తే ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ రెండు పదాల కింద ఎవరెవరిని కలిపి కుట్టేశారో మనం అడగాలి. మన ఊళ్లో ‘గ్రామ ప్రజలందరూ ఏకగ్రీవంగా’ అని పెద్దలు ప్రకటిస్తే, ఆ ‘అందరూ’లో మాలపల్లి, మాదిగపల్లి ఉన్నాయా లేదా అని అడగడం మనకు కొత్త కాదు. అదే ప్రశ్న లెస్టర్‌నూ అడుగుదాం.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2022 ఆగస్టు 28న ఆసియా కప్‌లో భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ జరిగింది. ఆ రాత్రి లెస్టర్ వీధుల్లో మొదలైన గొడవలు మూడు వారాలు సాగాయి. సెప్టెంబర్ 17న ముఖాలకు ముసుగులు వేసుకున్న యువకులు ముస్లింలు ఎక్కువగా ఉండే గ్రీన్ లేన్ రోడ్డు ప్రాంతంలో ‘జై శ్రీరామ్’ నినాదాలతో నడిచారు. బెల్‌గ్రేవ్ రోడ్డులో ఒక గుడి దగ్గర జెండా పీకేశారు. దేశంలో ఎక్కడా లేని మతసామరస్యం తమదని యాభై ఏళ్లుగా చెప్పుకుంటున్న నగరం తల దించుకుంది. ఆ వెంటనే, అక్టోబర్ చివరలో నార్త్ ఎవింగ్టన్‌లో ఉపఎన్నిక వచ్చింది. లిజ్ ట్రస్ ప్రభుత్వం అప్పుడే కుప్పకూలి, కన్జర్వేటివ్‌ల పేరెత్తితే జనం మండిపడుతున్న రోజులవి. అయినా లేబర్ చేతిలోని ఆ స్థానాన్ని కన్జర్వేటివ్‌లు లాక్కున్నారు. గెలిచింది, తర్వాత మేయర్ పదవికి పోటీ చేసిన మోఢ్వాడియానే.

లేబర్ పార్టీ దీన్ని చూసి సర్దుకుందా అంటే, లేదు. 2023 ఎన్నికలకు కొద్ది వారాల ముందు అభ్యర్థుల ఎంపికను స్థానిక పార్టీ చేతుల్లోంచి తప్పించి పైనుంచి నడిపించారు. 19 మంది సిట్టింగ్ కౌన్సిలర్లకు టికెట్ లేదన్నారు. వారిలో ఎక్కువ మంది ఆసియా, నల్లజాతి మూలాల వాళ్లు. మేయర్ పదవినే రద్దు చేయాలని అంతకుముందు సొంత పార్టీ కౌన్సిలర్లు కొందరు గొంతెత్తి సస్పెండయ్యారు కూడా. అంటే ఈ ఫలితాన్ని మతం ఒక్కటే రాయలేదు. ఒకే పార్టీ 53 కుర్చీల్లో కూర్చుంటే వచ్చే అహంకారం కూడా రాసింది.

ఓటింగ్ పద్ధతినీ మరచిపోకూడదు. లెస్టర్‌లో 21 వార్డులున్నాయి. ఒక్కో వార్డు నుంచి ఇద్దరు లేదా ముగ్గురు కౌన్సిలర్లు వస్తారు. ఓటరుకు అన్ని ఓట్లుంటాయి, ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న వాళ్లే గెలుస్తారు. ఒక పార్టీకి వార్డులో కాస్త మొగ్గు ఉంటే చాలు, మూడు స్థానాలూ ఊడ్చుకుపోతుంది. 2019లో 53 వచ్చాయంటే నగరమంతా లేబర్‌దే అని కాదు, 2023లో 22 పోయాయంటే ఒక మతమంతా మారిందనీ కాదు. ఇక ఈ పద్ధతిలో ఒక వార్డులో వంద ఇళ్లో రెండొందల ఇళ్లో ఉన్న చిన్న సమూహం గొంతు ఎక్కడ వినిపిస్తుంది? మన దగ్గర పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో 73, 74వ రాజ్యాంగ సవరణల పుణ్యాన ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు స్థానాలున్నాయి. సర్పంచ్ కుర్చీలో దళితుడు కూర్చున్నా సంతకం వెనక చెయ్యి వేరేవాళ్లది కావచ్చు. అది వేరే పోరాటం. కనీసం కుర్చీ మీద పేరుంది. ఇంగ్లండ్‌లో అది కూడా లేదు.

కుర్చీ సంగతి తర్వాత, అసలు లెక్కే లేదు. 2021 జనగణన ప్రకారం లెస్టర్ జనాభా 3.68 లక్షలు. అందులో ముస్లింలు 23.5 శాతం, హిందువులు దాదాపు 18 శాతం, సిక్కులు 4.5 శాతం. మతానికి గడి ఉంది, జాతికి గడి ఉంది. కులానికి గడి లేదు. 2011లో ఇంగ్లండ్, వేల్స్ మొత్తం మీద సుమారు 11 వేల మంది మతం గడిలో ‘రవిదాసియా’ అని తమంతట తాము రాసుకున్నారు. అలా రాయని వాళ్లు హిందువుల్లోనో సిక్కుల్లోనో కలిసిపోయారు. బ్రిటన్‌లోని దళితులలో ఎక్కువ మంది పంజాబ్ నుంచి వెళ్లిన రవిదాసియాలు, వాల్మీకులు. బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్, కొవెంట్రీ, బెడ్‌ఫర్డ్ వంటి ఊళ్లలో వాళ్లు సొంత గుడులు, సొంత గురుద్వారాలు కట్టుకున్నారు. పెద్ద గుడిలో చోటు ఉంటే చిన్న గుడి ఎందుకు కట్టుకుంటారు? బ్రిటన్‌లో తక్కువ కులాలుగా చూడబడేవాళ్లు 50 వేల నుంచి 2 లక్షల వరకు, అంతకు మించి కూడా ఉండవచ్చని 2010లో ప్రభుత్వమే చేయించిన అధ్యయనం అంచనా వేసింది. పనిచేసే చోట, సేవలు అందే చోట, చదువుకునే చోట కులవివక్షకు ఆధారాలున్నాయని కూడా చెప్పింది. 50 వేలకూ 2 లక్షలకూ మధ్య అంత దూరం ఉందంటేనే తెలుస్తోంది, వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదని.

లెస్టర్‌కు మరో జ్ఞాపకం ఉంది. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియన్లను తరిమేసినప్పుడు, మా ఊరికి రావద్దంటూ ఇదే నగర కౌన్సిల్ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. అయినా వేల మంది వచ్చారు. 1974లో ఇంపీరియల్ టైప్‌రైటర్స్ ఫ్యాక్టరీలో ఆసియా కార్మికులు సమ్మెకు దిగితే సొంత యూనియనే వాళ్ల వెంట నిలబడలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఈ నగర బట్టల ఫ్యాక్టరీల్లో చట్టబద్ధ కనీస వేతనంలో సగం కూడా ఇవ్వడం లేదన్న వార్తలు దేశాన్ని కుదిపేశాయి. యజమాని, కార్మికుడు ఇద్దరూ దక్షిణాసియా వాళ్లే అయిన షాపులు వాటిలో ఎన్నో. ఎన్నికల విశ్లేషణలో మాత్రం ఆ ఇద్దరూ ఒకే ‘కమ్యూనిటీ’. ఇద్దరి తరఫునా మాట్లాడేది ఒకే ‘కమ్యూనిటీ పెద్ద’. ఆ పెద్ద ఎవరో, ఏ మెట్టు మీద నుంచి మాట్లాడతాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముస్లిం సమాజాన్ని విడిచిపెట్టి మాట్లాడితే అది కూడా అబద్ధమే అవుతుంది. పాకిస్తాన్, కశ్మీర్ మూలాల వాళ్లు ఎక్కువగా ఉండే బ్రాడ్‌ఫర్డ్ వంటి నగరాల్లో కౌన్సిలర్ టికెట్లు ‘బిరాదరీ’ని బట్టి పంచుకుంటారని ఏళ్ల తరబడి విమర్శ ఉంది. 2012లో బ్రాడ్‌ఫర్డ్ వెస్ట్ ఉపఎన్నికలో జార్జ్ గాలోవే గెలుపును, బిరాదరీ పెద్దల మీద కుర్రాళ్ల తిరుగుబాటుగా చాలామంది చదివారు. కులం విమానం ఎక్కేటప్పుడు మతం చూసుకోదు.

ఇదంతా ఎందుకు ముఖ్యమంటే, బ్రిటన్‌లో ఒక చట్టం దాదాపు పుట్టి ఆగిపోయింది. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని జాతి వివక్షలో భాగంగా చేర్చే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చారు. ‘చేర్చవచ్చు’ అని మాత్రమే. 2013లో ప్రభువుల సభలో మాజీ బిషప్ లార్డ్ హ్యారీస్ తదితరుల పట్టుదలతో అది ‘చేర్చాలి’గా మారింది. కొన్ని హిందూ సంఘాలు బహిరంగంగానే ఎదురు తిరిగాయి. కులం ఇక్కడ లేదని ఒక నోట, ఈ చట్టం వస్తే హిందువులకు చెడ్డపేరని మరో నోట. 2017లో ప్రభుత్వం ప్రజాభిప్రాయం అడిగితే 16 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా చట్టం వద్దు, కోర్టు తీర్పులు చాలన్నవే. 2018 జులైలో ప్రభుత్వం ఆ మాటే పట్టుకుని చట్టాన్ని పక్కన పెట్టింది. అణచివేతకు గురయ్యేవాళ్లకు రక్షణ కావాలా వద్దా అన్నది ఉత్తరాల సంఖ్యతో తేల్చారు. మన దగ్గర అట్రాసిటీ చట్టం మీద ఊరూరా అభిప్రాయ సేకరణ పెడితే ఏమొస్తుందో ఊహించుకోండి.

కోర్టు తీర్పులు చాలన్న వాదనకు ఆధారంగా చూపేది పెర్మిలా తిర్కీ కేసు. బిహార్‌కు చెందిన ఆదివాసీ మహిళ ఆమె. మిల్టన్ కీన్స్‌లో ఒక ఇంట్లో నాలుగున్నరేళ్లు రోజుకు 18 గంటల వరకు పని చేయించి గంటకు 11 పెన్నీలు ఇచ్చారు. కులం కొన్ని సందర్భాల్లో ‘జాతి మూలం’ కిందికి రావచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. మరుసటి ఏడాది ఆమెకు 1,83,773 పౌండ్ల బకాయి వేతనం దక్కింది. గొప్ప విజయమే. కానీ ‘రావచ్చు’ అన్న ఆ మాట వల్ల, తర్వాత వచ్చే ప్రతి బాధితురాలూ తన కులం జాతి మూలమేనని మొదటి నుంచి నిరూపించుకోవాలి. అంత ఓపిక, అంత డబ్బు, అంత ధైర్యం ఎవరికున్నాయి?

కౌన్సిల్ ఎన్నికకు, ఈ చట్టానికి సంబంధం ఇక్కడే ఉంది. ఇంగ్లండ్‌లో నగర కౌన్సిల్ అంటే చెత్త ఎత్తడం, వీధి దీపాలు మాత్రమే కాదు. కౌన్సిల్ ఇళ్ల కేటాయింపు, వృద్ధుల సంరక్షణ, పిల్లల సేవలు, వేల మంది ఉద్యోగులు దాని చేతిలో ఉంటాయి. సమానత్వ చట్టం 149వ సెక్షన్ ప్రకారం వివక్షను తొలగించే దిశగా ఆలోచించి పనిచేయడం ప్రతి కౌన్సిల్ బాధ్యత. కులం ఆ చట్టంలో స్పష్టంగా ఉంటే, ఇంటికొచ్చే సంరక్షకురాలి కులం అడిగి ముట్టనివ్వని వాళ్ల విషయంలో ఏం చేయాలో కౌన్సిల్ ముందే రాసి పెట్టుకోవలసి వచ్చేది. లేదు కాబట్టి రాయనక్కర్లేదు. రాయమని అడిగే కౌన్సిలర్‌కు, ఓట్లు పోతాయని పార్టీ చెవిలో చెబుతుంది.

లెస్టర్ ఎన్నికలకు రెండున్నర నెలల ముందు, 2023 ఫిబ్రవరి 21న అమెరికాలో సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. క్షమా సావంత్ పెట్టిన తీర్మానం 6–1తో నెగ్గింది. తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేలల్లో ఉన్న ప్రాంతం అది. అమెరికా నగరాలకున్న శాసనాధికారం ఇంగ్లండ్ నగరాలకు లేదు, నిజమే. కానీ తమ ఉద్యోగ నియమావళిలో కులం అన్న మాట చేర్చుకోవడానికి, పార్లమెంటును చట్టం అడుగుతూ తీర్మానం చేయడానికి ఏ కౌన్సిల్‌కూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. లెస్టర్ ఎన్నికపై జరిగిన చర్చంతా ఏ మతం ఎటు పోయింది అన్న చుట్టూనే తిరిగింది.

2024 జులైలో అది ఇంకా ముదిరింది. దేశమంతా లేబర్ ప్రభంజనం. లెస్టర్ ఈస్ట్‌లో మాత్రం కన్జర్వేటివ్ అభ్యర్థి శివానీ రాజా గెలిచారు. ఆ ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు కొత్తగా గెలుచుకున్న స్థానం దేశంలో అదొక్కటే. పక్కనే లెస్టర్ సౌత్‌లో గాజా విషయమై ఆగ్రహించిన ఓటర్లు స్వతంత్రుడు షౌకత్ ఆడమ్‌ను 979 ఓట్లతో గెలిపించి లేబర్ ముఖ్యనేత జొనాథన్ ఆష్‌వర్త్‌ను ఓడించారు. ఈస్ట్‌లో ఇద్దరు మాజీ లేబర్ ఎంపీలు కీత్ వాజ్, క్లాడియా వెబ్ విడివిడిగా పోటీ చేసి ఓట్లు చీల్చిన సంగతి వదిలేసి, దీన్నీ హిందూ ఓటు, ముస్లిం ఓటు అనే రెండు బుట్టల్లోనే వేశారు. ఆ రెండు బుట్టలకూ చెందని ఓటు ఎవరికీ అక్కర్లేనిదైంది. బుట్టలో ఉండి కూడా అడుగున నలిగే ఓటు ఎవరికీ కనబడనిదైంది.

లెస్టర్‌లో రెండు విశ్వవిద్యాలయాలున్నాయి. బ్రిటన్ చదువులకు వెళ్లే తెలుగు పిల్లల్లో మన వాడల నుంచి, అప్పు చేసి, అంబేద్కర్ పేరిట ఉన్న విదేశీ విద్యా పథకాల సాయంతో వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద అక్కడ నివసించే భారత పౌరులు ఓటరుగా నమోదు చేసుకుని కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి. దానికి మన భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఓట్ల కోసం తలుపు తట్టే అభ్యర్థి ఏ పార్టీవాడైనా సరే, 2013లో చట్టంలో రాసిన ఆ ‘చేర్చాలి’ అన్న మాట గురించి అతన్ని అడిగే హక్కు ఆ పాస్‌పోర్టు చేతిలో ఉన్న పిల్లకు ఉంది.