కాకిలెక్కల కొలువులు

తెలంగాణ కొట్లాట మొదలైందే లెక్కల కాడ. 1969లో మిగులు నిధులు ఎన్ని అనేది లెక్క. 1985లో మన కొలువుల్లో స్థానికేతరులు ఎంతమంది అనేది లెక్క. 610 జీవోకు ముందు అధికారుల కమిటీ 58,962 మంది అని తేల్చింది. ఆ సంఖ్య నోటికి రాని ఉద్యోగ సంఘం నాయకుడు ఆ రోజుల్లో లేడు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం నినదించినప్పుడు అడిగింది దయ కాదు, లెక్క.

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. లెక్కల పంచాయితీ మాత్రం తెగలేదు. ఇన్ని వేల కోట్లు ఖర్చు పెట్టినం, ఇన్ని లక్షల కొలువులు ఇచ్చినం అని గద్దె మీదున్న సర్కారు చెప్తుంది. అన్నీ కాకిలెక్కలే అని ప్రతిపక్షం అంటుంది. పత్రికలు రెండు ప్రకటనలనూ పక్కపక్కన అచ్చేసి చేతులు దులుపుకుంటాయి. అచ్చేసే వాళ్లలో మనమూ ఉన్నాం. ఖర్చయిన పైసలకు ఎన్ని కొలువులు పుట్టాయో నికరంగా చెప్పడం నిజంగానే అంత కష్టమా? కష్టమే. ఆ కష్టం ఎక్కడుందో తెలియాలంటే, ఈ లెక్కను జనం ముందు పరుస్తామని పూనుకుని పరువు పోగొట్టుకున్న ఒక సర్కారు ముచ్చట తెలుసుకోవాలి. అది అమెరికా సర్కారు.

2008 ఆర్థిక సంక్షోభంలో అక్కడ కొలువులు కుప్పకూలాయి. 2009 ఫిబ్రవరి 17న ఒబామా 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం మీద సంతకం పెట్టారు. సొమ్ము తీసుకున్న ప్రతి సంస్థా మూడు నెలలకోసారి, గడువు ముగిసిన పది రోజుల్లోపల ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని కొలువులు నిలిచాయి అని రాసి పంపాలి. దాన్నంతా ఇంటర్నెట్‌లో పెడతారు. ఎవరైనా చూసుకోవచ్చు. అక్టోబర్ 30న తొలి లెక్క వచ్చింది. 6,40,329 కొలువులు సృష్టించాం లేదా కాపాడాం అన్నారు.

అక్కడి పత్రికల వాళ్లు ఆ సంఖ్యను మాత్రమే రాసి ఊరుకోలేదు. ఒక్కో వరుసా చదివారు. ఎనిమిది పార్లమెంటరీ నియోజకవర్గాలే ఉన్న అరిజోనాలో 15వ నియోజకవర్గం కనబడింది! అక్కడ 30 కొలువులు వచ్చినట్టు కూడా రాసి ఉంది. కెంటకీలో ఒక చెప్పుల దుకాణం 889 డాలర్లకు తొమ్మిది జతల బూట్లు అమ్మి, తొమ్మిది కొలువులని రాసింది. జార్జియాలో 508 మంది పనిచేసే ఒక సేవాసంస్థ 935 కొలువులు కాపాడామంది. జీతాలు 1.84 శాతం పెంచారు. ఆ 1.84తో 508ని గుణించారు. అంతే.

నవంబర్ 19న అక్కడి ఆడిట్ సంస్థ, అంటే మన కాగ్ లాంటిది, తన నివేదిక ఇచ్చింది. 3,978 నివేదికల్లో ఒక్క డాలర్ కూడా ముట్టినట్టు లేదు, కొలువులు మాత్రం 50 వేలకు పైగా చూపారు. ఇంకో 9,247 నివేదికల్లో పైసలు ఖర్చయ్యాయి, కొలువులు సున్నా. అంటే తప్పు రెండు దిక్కులా ఉంది. సరిగ్గా పది రోజులకు మన దగ్గర కేసీఆర్ అరెస్టయ్యారు, క్యాంపస్‌లు భగ్గుమన్నాయి. కొలువుల కోసం మనం రోడ్డెక్కిన ఆ రోజుల్లోనే, కొలువంటే ఏమిటో తెలియక వాషింగ్టన్ తల పట్టుకుని ఉంది.

ఇదంతా దొంగతనమే అనుకుంటే పొరపాటు. చాలామందికి ప్రశ్నే అర్థం కాలేదు. సృష్టించిన కొలువును లెక్కపెట్టొచ్చు, కాపాడిన కొలువును ఎట్లా లెక్కపెట్టాలి? తొలి లెక్కలో సగానికి పైగా కొలువులు విద్యారంగానివి. ఆ పైసలు రాకుంటే ఆ పంతుళ్లలో ఎంతమందిని తీసేసేవాళ్లు? జరగని దాన్ని ఎవరు లెక్కగడతారు? అందుకే ఆ డిసెంబర్‌లో కొత్త ఉత్తర్వు వచ్చింది. కాపాడాం, సృష్టించాం అనే మాట విడిచిపెట్టి, ఈ సొమ్ముతో ఎన్ని గంటల జీతం ఇచ్చారో అంతవరకే చెప్పండి అన్నారు. మూడు నెలల్లో 520 గంటల పని ఒక పూర్తి కొలువు. నలుగురు సగం సగం పనిచేస్తే నాలుగు కాదు, రెండు.

మన పల్లెకు ఇది కొత్త కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కొలువులను కాదు, పనిదినాలను లెక్కపెట్టింది. కుటుంబానికి ఏడాదికి నూరు రోజులు. పనిదినాలు ఎన్ని లక్షలైనా వాటిని కొలువులని రాసే పత్రిక అబద్ధం రాసినట్టే.

లెక్కలో చిక్కు ఇంకొకటి. పైసలు తీసుకున్నవాడు రాసేది నేరుగా వచ్చిన కొలువులే. జీతం తీసుకున్నవాడు సంతలో ఖర్చు పెడితే ఇంకొకరికి దొరికే పని ఆ పట్టికలో ఉండదు. పన్ను రాయితీలకు, నిరుద్యోగ భృతికి పోయిన సొమ్మూ ఉండదు. దాన్ని ఆర్థికవేత్తలు అంచనా కడతారు. అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2010 మూడో త్రైమాసికానికి 14 లక్షల నుంచి 36 లక్షల మందికి అదనంగా పని దొరికిందని చెప్పింది. రెండు అంచుల మధ్య 22 లక్షల తేడా! అయినా నిజాయితీ గల లెక్క అదే. ఒబామా సలహాదారులు 2009 జనవరిలో నిరుద్యోగం 8 శాతం దాటదని ఒక్క గీత గీసి చూపారు. అక్టోబర్‌కల్లా అది 10 శాతమైంది. గీతను నమ్ముకున్నవాళ్లు ఆ తర్వాత నిజం చెప్పినా జనం నమ్మలేదు.

ప్రతిపక్షం లెక్క కూడా గట్టిది కాదు. మొత్తం సొమ్మును పట్టికలోని కొలువులతో భాగించి, ఒక్క కొలువుకు ఇన్ని లక్షల డాలర్లా అని గోల చేశారు. ఆ సొమ్ములో సిమెంటు ఉంది, తారు ఉంది, ఇంకా ఖర్చు కానిదీ ఉంది. పట్టికేమో అందులో ఒక భాగానిదే. సర్కారును తిట్టే లెక్క అయినంత మాత్రాన అది నిజమైన లెక్క అయిపోదు. ఉద్యమాల్లో పెరిగిన మనకు ఈ మాట చేదుగానే ఉంటుంది.

ఇక మన ఇంటికి వద్దాం. 2020 చివర్లో బిస్వాల్ వేతన సవరణ కమిషన్ నివేదిక ఇచ్చింది. మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవాళ్లు 3,00,178 మంది. ఖాళీలు 1,91,126. 2022 మార్చి 9న ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలో ఖాళీలు 91,142 అన్నారు. అందులో 80,039 వెంటనే నింపుతామన్నారు, 11,103 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధం చేస్తామన్నారు. రెండు లెక్కల మధ్య లక్ష కొలువుల ఎడం. ఖాళీ అంటే పదోన్నతితో నింపేది కూడానా, నేరుగా నింపేదేనా? రద్దు చేయదలచిన పోస్టు ఖాళీయా కాదా? ఈ నిర్వచనం పక్కన లేకుండా సంఖ్యను అచ్చేస్తే చదివేవాడికి మిగిలేది అయోమయమే. పైగా కాంట్రాక్టు మనిషిని క్రమబద్ధం చేయడం న్యాయమే కానీ, బయట కోచింగ్‌లో కూర్చున్న పిల్లగాడికి అది కొత్త కొలువు కాదు.

ప్రకటన వేరు, నియామకం వేరు. 503 గ్రూప్-1 పోస్టులకు ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో జరిగింది. ప్రశ్నపత్రాల లీకుతో 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ జూన్‌లో జరిగింది, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. ఆ 503 ఎన్నిసార్లు పేపర్లకెక్కాయో అభ్యర్థులకు తెలుసు. 2023 డిసెంబర్‌లో సర్కారు మారింది. ఒకరి హయాంలో ప్రకటన, పరీక్ష. ఇంకొకరి హయాంలో నియామక పత్రం. అదే కొలువు రెండు పార్టీల ఖాతాల్లో పడింది. కలిపి చూసే జనానికి ఒక్క మనిషి ఇద్దరై కనబడతాడు.

కంపెనీల ముచ్చట ఇంకా ఘోరం. ఒప్పందం మీద సంతకం పడిన నాడే కొలువులు వచ్చినట్టు శీర్షికలు పెడతాం. రెండేళ్ల తర్వాత ఆ గేటు దగ్గరికి పోయి ఎంతమంది లోపలికి పోతున్నారని అడిగిన విలేకరి ఎక్కడ? పీఎఫ్ ఖాతాలు పెరిగాయి కాబట్టి కొలువులు పెరిగాయని ఢిల్లీ 2018 నుంచి నెలనెలా చెప్తున్నది. పదేళ్లుగా అదే షెడ్డులో పనిచేస్తున్నవాడికి కొత్తగా పీఎఫ్ కడితే వాడికి మేలే. కొలువు మాత్రం పాతదే.

అమెరికాను చూసి నవ్వడం తేలిక. కానీ ఆ తప్పులు దొరికింది ఎందుకు? ఒక్కో వరుసా బయట పెట్టారు కనుక. లేని నియోజకవర్గం కాగితం మీద ఉన్నది కనుకనే పట్టుబడింది. మన దగ్గర మొత్తం మాత్రమే చెప్తారు, వరుసలు చూపరు. వరుస లేకుంటే తప్పు కూడా దొరకదు. మన దగ్గరా వరుసలు బయట పెట్టిన సందర్భం ఉంది. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో మస్టర్ రోల్‌ను ఊరి నడుమ చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర్ల మీద, ఊళ్లో లేనివాళ్ల పేర్ల మీద కూలి డ్రా చేసిన సంగతి అట్లానే బయటపడింది. చదువు రాని కూలి తల్లి కూడా తన పేరు విని, నేను ఆ పనికి పోలేదని లేచి చెప్పగలిగింది. అంతకు మించిన ఆడిటర్ లేడు.

అదే పద్ధతి నియామకాలకూ కావాలి. శాఖల వారీగా, జిల్లాల వారీగా మంజూరైనవెన్ని, పనిలో ఉన్నవాళ్లెందరు, ఏ తేదీకి, రెగ్యులరా కాంట్రాక్టా ఔట్‌సోర్సింగా అని పట్టిక వేసి మూడు నెలలకోసారి బయట పెట్టాలి. సర్కారు ఎవరిదైనా మన డిమాండ్ ఇదే.

అప్పటిదాకా మన పని మనం చేయాలి. ఉద్యోగ మిత్రులు తమ శాఖలో కుర్చీలెన్నో, మనుషులెందరో చెప్పగలరు. విద్యార్థులు ఒక్కో మండలం పంచుకుని సమాచార హక్కు దరఖాస్తు పెట్టగలరు. వచ్చిన జవాబులను ఈ పత్రిక అచ్చేస్తుంది. మనం అనుకున్న దానికన్నా ఖాళీలు తక్కువగా తేలినా అచ్చేస్తుంది. 58,962 అనే సంఖ్య మన వాదనకు బలమిచ్చింది, దాన్ని తేల్చింది సర్కారు సొంత అధికారులే కనుక. రేపు మనం చూపే సంఖ్య కూడా ఎవరు తిరగేసినా నిలబడాలి.