పాడె మోసేటప్పుడు కాదు, పాడేటప్పుడే అర్సుకుందాం

2023 ఆగస్టు 6న గద్దరన్న పోయిండని తెల్వంగనే ఫోన్ నిండా ఆయన ఫొటోలే. గొంగడి, చేతుల కర్ర, కాళ్లకు గజ్జెలు. నేనూ స్టేటస్ పెట్టిన, నేనూ ఏడ్సిన. 2025 నవంబర్‌ల అందెశ్రీ పోయిన నాడు మళ్ల గదే. స్టేటస్ ఉండేది 24 గంటలే. మన దుఃఖం గూడ గంతేనా అని అప్పుడనిపించింది.

వాళ్ల పేర్లకైతే ఢోకా లేదు. గద్దర్ పేరు మీద సర్కారు సినిమా అవార్డులిస్తున్నది. అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైంది. నా రంది వాళ్ల గురించి కాదు. గొంతు ఉండి, మందులకు పైసలు లేని ముసలి కళాకారుల గురించి.

2023ల 'బలగం' సినిమాను ఊళ్లల్ల తెరలు కట్టి సూసినం. చివరి పాటకు ఏడ్వనోళ్లు లేరు. అది పాడిన దుగ్గొండి పస్తం మొగిలయ్య, కొమురమ్మ ఊరూరా కథలు చెప్పి బతికినోళ్లు. పేరొచ్చిన రోజులల్లనే మొగిలయ్యకు కిడ్నీ రోగం ముదిరింది. డయాలసిస్ మీద బతికి 2024 డిసెంబర్‌ల పోయిండు. సాయం జేసినోళ్లు ఉన్నరు, కాదనను. కాని అడిగితే వచ్చే సాయం వేరు, హక్కుగ వచ్చేది వేరు.

12 మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. సర్కారు కోటి రూపాయలిస్తనన్నది. రెండేండ్లకు ఆయన హైదరాబాద్ పక్కన కూలి పని చేస్తున్నడని పేపర్లల్ల వచ్చింది. వచ్చిన పైసలు ఏమాయె అని చానా మంది ఎక్కిరించిండ్రు. ఇంట్ల పెండ్లిళ్లు, నెలనెలా మందులు ఉన్నోళ్లకు ఆ లెక్క తెలుస్తది. అవార్డు ఒక్కసారి వస్తది, రోగం నెలనెలా వస్తది. అసలు సంగతి గిదే.

ఎన్కట చిందోళ్లకు, డక్కలోళ్లకు మిరాశి ఊర్లుండేటివి. ఏడాదికోపారి పోతే గింజలు, బట్టలు దొరికేటివి. అది కులం కట్టిన పద్ధతి, అండ్ల అవమానం గూడ ఉంది. మళ్ల రావాలని నేననను. కాని అది పోయినంక దాని జాగల ఏమొచ్చింది? పీఎఫ్ లేదు, పని లేని దినానికి జీతం లేదు. నోట్లె పండ్లు రాలితే కళాకారునికి కొలువు పోయినట్టే.

మనిషితోని పోయేది ఇంకోటి ఉంది. మణుగూరు కాడి కూనవరం కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు గూడ 2022లనే పద్మశ్రీ వచ్చింది. కంచుమేళం-కంచుతాళం ఆయన కళ. కోయల ఇలవేల్పుల కథలు, సమ్మక్క-సారలమ్మ చరిత్ర ఆయన నోట్లెనే ఉండేటివి. 2024 జూన్‌ల పోయిండు. గసొంటోళ్లు పోతే పాటొక్కటే కాదు, చరిత్ర పుస్తకమే పోయినట్టు.

నా తప్పు గూడ చెప్తా. మా ఊర్ల నాట్ల పాటలు పాడే అవ్వ ఒకామె ఉండె. ఆమె ఎత్తుకుంటే నడుం నొప్పి యాదికి రాకపోయేది. "గీ పాటలు ఫోన్ల పట్టుకో బిడ్డా" అని రెండుసార్లు అడిగింది. "మళ్లస్త అవ్వా" అన్న. మీటింగులు, ధర్నాలు అనుకుంట తిరిగిన. నేను పోయేటాల్లకు ఆమెకు పక్షవాతం, మాట లేదు. సగం పాట నాకు వస్తది. మిగిలిన సగం ఎవ్వలికీ రాదు.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, మీ ఊర్లె డప్పు తాత, ఒగ్గు తాత, బతుకమ్మ పాటల అవ్వ ఉంటరు. ఈ ఆదివారమే పోండ్రి. అడిగి రికార్డు చేయుండ్రి, వాళ్ల పేరు పెట్టుండ్రి. దాని మీద పైసలొస్తే పాలు ఇయ్యుండ్రి. గొంతు పోయిందని నవ్వకుండ్రి, ఆ వణుకు గూడ పాటనే. వృద్ధ కళాకారుల పింఛన్‌కు దరఖాస్తు పెట్టిండ్రా లేదా అడుగుండ్రి, పెట్టకుంటే మీరే రాసి పెట్టుండ్రి. నెలనెలా పింఛన్, ఉచిత వైద్యం హక్కు కావాలని గ్రామసభల లేసి మాట్లాడుండ్రి.

దండ తర్వాతనైనా ఎయ్యొచ్చు. ఇయ్యాల గోలీల చీటి పట్టుకొని మెడికల్ షాపుకు పోవాలె.