బాబుకి ఒకవైపు బీజం దిగలేదా? ‘పెద్దయితే అదే వస్తుందిలే’ అని ఆగితే నష్టమే!

సత్తుపల్లి: ఆపరేషన్ చిన్నదే. పొద్దున ఆస్పత్రిలో చేరితే చాలామంది పిల్లలు సాయంత్రానికే ఇంటికి వచ్చేస్తారు. కానీ సత్తుపల్లి, అశ్వారావుపేట, భద్రాచలం వైపు ఊళ్లలో అసలు సవాల్ ఆపరేషన్ కాదు.. సరైన వయసులో దాని దాకా చేరడం.

అసలేంటీ సమస్య?

తల్లి కడుపులో ఉండగా మగబిడ్డ వృషణాలు పొట్ట లోపల తయారై, పుట్టేలోపు కింది సంచిలోకి దిగుతాయి. నెలలు నిండి పుట్టిన ప్రతి 100 మంది మగపిల్లల్లో దాదాపు ముగ్గురికి ఒకటో, రెండో దిగకుండా ఆగిపోతాయి. నెలలు నిండకుండా పుడితే ఇది 30 శాతం దాకా ఉంటుంది. చాలామందికి మొదటి 6 నెలల్లో వాటంతట అవే దిగుతాయి. ఆ తర్వాత దిగే అవకాశం బాగా తక్కువ. అందుకే 6 నెలలకి పిల్లల సర్జన్‌కి చూపించి, ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించాలన్నది వైద్యుల మాట.

ఎందుకంత తొందర?

సంచిలో వేడి ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ. పైనే ఉండిపోయిన వృషణం ఆ వేడికి మెల్లగా దెబ్బతింటుంది. రేపు పిల్లలు పుట్టడంలో ఇబ్బంది రావొచ్చు. మెలిపడే ప్రమాదం, క్యాన్సర్ ముప్పు మామూలు కంటే ఎక్కువ. పిల్లాడికి నొప్పి ఉండదు, ఏడవడు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వచ్చినా నలుగురిలో చెప్పడానికి మొహమాటం.

ఎక్కడ తప్పిపోతోంది?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్‌లు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్లాలి. అయితే మొదట్లో పెట్టుకున్న 30 సమస్యల జాబితాలో గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె జబ్బులు ఉన్నాయి కానీ ఇది లేదు. నిజానికి దీనికి స్కానింగ్ కూడా అక్కర్లేదు, చేత్తో చూస్తే చాలు. 14 వారాల టీకాకి, 9 నెలల టీకాకి బిడ్డ ఎలాగూ ఏఎన్ఎం దగ్గరికి వస్తాడు. అప్పుడు అర నిమిషం చూసి రాసుకుంటే సరిపోతుంది.

ఖర్చు, దూరం సంగతేంటి?

ఆరోగ్యశ్రీలో పిల్లల సర్జరీల కింద ఈ ఆపరేషన్ ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పథకం పరిమితి రూ.10 లక్షలు. కానీ పసిపిల్లలకి మత్తు ఇవ్వడానికి అనుభవమున్న డాక్టర్ కావాలి. సత్తుపల్లి నుంచి ఖమ్మమే సుమారు 80 కిలోమీటర్లు. అవసరమైతే హైదరాబాద్ నీలోఫర్ దాకా వెళ్లాలి. కూలి పని మానుకుని తిరగలేక వాయిదా వేసే ఇళ్లలోనే ఆలస్యం ఎక్కువయ్యే ప్రమాదం.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించేటప్పుడు రెండువైపులా చూడాలి. చలికి పైకిపోయి, వెచ్చదనానికి కిందికి వస్తే సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు.. కానీ ఏటా చూపించాలి. ఎప్పుడూ కనిపించకపోతే ఆగొద్దు. పసర్లు, మర్దనలతో అది దిగదు. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు బాబుని కాళ్లు ఎడంగా పెట్టి చంకనెత్తుకోవద్దు, సైకిల్ బొమ్మలు ఎక్కించొద్దు.

సిగ్గుపడాల్సిన జబ్బు కాదిది. వయసు దాటాక చేసిన ఆపరేషన్ వృషణాన్ని కిందికి దించుతుందేమో కానీ, అప్పటికే జరిగిన నష్టాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు.