పుస్తకం మూసి చెప్పే కథ

ఏడు చేపల కథలో రాజుగారి కొడుకులకు పనేమీ లేదు. వేటకు వెళ్లి, చేపలు తెచ్చి, ఎండబెట్టి తప్పుకుంటారు. వాటిలో ఎండని ఒక్క చేపను నిలదీస్తే అది గడ్డిమేటు మీద చెబుతుంది. గడ్డిమేటు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పసివాడి మీద, వాడు తనను కుట్టిన చీమ మీద. రాజుతో మొదలైన కథలో ఆఖరి మాట చీమది. ఆ చీమ ఇంకెవరి మీదా నెట్టదు, తన పుట్ట జోలికొస్తే ఊరుకోనని తలెత్తి చెబుతుంది. ఈ కథను ఎవరూ బట్టీ పట్టరు. ప్రతి జవాబూ తరువాతి ప్రశ్నను వెంటబెట్టుకుని వస్తుంది కనుక చెప్పేవాళ్లు దారి తప్పరు. రెండోసారి వింటున్న పిల్ల నానమ్మ కంటే ముందే ఆవు దగ్గరికి చేరిపోతుంది.

రావికమతంలో ఈ కథకు బొమ్మలు అక్కర్లేదు. కల్యాణపులోవ జలాశయం ఉన్న మండలం ఇది. చేపా, గడ్డీ, ఆవూ, చీమలపుట్టా అన్నీ పిల్లలు రోజూ చూసేవే. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతంలో మైదానపు ఊళ్లూ ఉన్నాయి, కొండల అంచున కొండదొరల పల్లెలూ ఉన్నాయి. ఇంట్లో 'ఏటి', 'నేదు' అంటూ పెరిగిన పిల్లకు బడిలో తొలిరోజే వేరే తెలుగు ఎదురవుతుంది. ఆ పిల్ల తెలుగులోనే, తడుముకోకుండా, మొదలూ తుదీ ఉన్న పెద్ద సంగతి ఒకటి వినిపించేది నానమ్మ కథే. తన మాటకూ ఒక కథను మోసే సత్తువ ఉందని పిల్లకు తెలియాల్సింది అక్కడే. ఆ యాసను దిద్దబోయే పెద్దలు దయచేసి ఆగాలి.

గుర్తుంచుకుని చెప్పడం వేరు, అప్పజెప్పడం వేరు. మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ అనే పండితులు 1930లలో యుగోస్లావియా వీరగాథల గాయకులను విన్నారు. వేల పాదాలు పాడేవాళ్లు వాటిని మక్కికి మక్కి వల్లించడం లేదని, కథ నడకా, అలవాటైన పలుకుబడులూ ఆధారంగా ప్రతిసారీ కొత్తగా కడుతున్నారని లార్డ్ 1960లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. ఉత్తరాంధ్రలో పాడి చెప్పే జముకుల కథ ముందు కూర్చున్నవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఇంట్లో అమ్మమ్మ చేసేదీ ఇదే. పిల్ల భయపడితే పులిని త్వరగా పంపించేస్తుంది, 'ఊ' సన్నగిల్లితే రెండు మజిలీలు ఎగరేస్తుంది. ఫోనులో నడిచే కథ ఆ 'ఊ' వినలేదు. రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన 'రేడియో అన్నయ్య' న్యాయపతి రాఘవరావు, 'అక్కయ్య' కామేశ్వరి మాత్రం పిల్లల్ని రేడియో ముందు కూర్చోబెట్టి వదిలేయలేదు. స్టూడియోలోకే పిలిచి వాళ్ల చేత మాట్లాడించారు, పాడించారు.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా తన 'దివాస్వప్న'లో ఒక ఉపాధ్యాయుడి ప్రయోగాన్ని రాశారు. నాలుగో తరగతి పిల్లలు మొదటి రోజు ఆ ఉపాధ్యాయుడి మాటే వినలేదు. మర్నాడు కథ మొదలుపెట్టగానే చుట్టూ చేరారు. ఆ కథల రుచి మీదనే అతను తరగతిలో పుస్తకాలు తెచ్చిపెట్టాడు. ఈ వరస ముఖ్యం. విన్న కథ చదువుకు అడ్డం రాదు, పుస్తకం దాకా చేయిపట్టుకుని తీసుకెళుతుంది. అచ్చు మీద బతికే పత్రికగా మేమీ మాట నమ్మకంతో అంటున్నాం.

మమ్మల్ని బాధపెట్టేది కథల పోటీలు. పెద్దలు రాసిచ్చిన కాగితాన్ని చేతులూపుతూ వల్లించిన పిల్లకు బహుమతి, మధ్యలో ఆగి ఆలోచించుకున్న పిల్లకు చిన్నతనం. ఆ ఆగిన క్షణంలోనే కథ కట్టడం జరుగుతోంది. న్యాయనిర్ణేతలు దానికి మార్కులు వేయాలి.

ఈ వేసవిలో ఒక్క కథైనా పుస్తకం మూసి చెప్పండి. మరిచిన చోట పిల్లల్నే అడగండి. రావికమతం, చోడవరం, మాడుగుల వైపు పాఠకులకు ప్రత్యేకంగా మా మనవి: మీ ఇంటి పెద్దలు ఏడు చేపల కథ ఎలా చెబుతారో, ఎక్కడ మలుపు తిప్పుతారో, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. యాస దిద్దకుండా అచ్చు వేస్తాం.